టీకాల మీద వచ్చే భయాల్లో ఏది పుకారు, ఏది నిజంగా పట్టించుకోవాల్సిన సందేహం?

ప్రశ్న: ఒడిశాలోని గుణుపూర్ నుంచి ఒక తండ్రి రాశారు. బాబు పుట్టి ఏడు వారాలు దాటింది. ఆరో వారంలో వేయించాల్సిన పెంటావాలెంట్ సూది ఇంకా వేయించలేదు. బంధువుల వాట్సాప్ గ్రూపులో వస్తున్న మెసేజీలు చూసి ఇంట్లో అందరికీ టెన్షన్. "ఈ సూదితో పిల్లలు చనిపోయారు, దాచేశారు" అని ఒకటి. "టీకాల్లో పాదరసం ఉంటుంది, ఆటిజం వస్తుంది" అని ఇంకొకటి. "కోవిషీల్డ్ కంపెనీ కోర్టులో ఒప్పేసుకుంది, ఇక ఏ టీకానీ నమ్మొద్దు" అని మూడోది. వీటికి తోడు అత్తగారిది భద్రాచలం వైపు. అక్కడ హాస్టల్ ఆడపిల్లల మీద టీకా ప్రయోగం చేశారని, కొందరు చనిపోయారని ఆవిడ గట్టిగా చెబుతున్నారు. ఆసుపత్రిలో అడిగితే "చదువుకున్నవాళ్ళు, మీరూ ఇలా అడిగితే ఎలా" అని విసుక్కున్నారట. వీటిలో ఏది నిజం, రేపు ఇంకో మెసేజీ వస్తే మాకు మేమే ఎలా తేల్చుకోవాలి అని అడిగారు.

సమాధానం:

బాబూ, ముందు బిడ్డ సంగతి చూద్దాం. వారం పది రోజులు ఆలస్యమైనంత మాత్రాన ఏమీ చెడిపోలేదు. మీ వీధిలో టీకాలు వేసే రోజుకు, అదే మమతా దివస్‌కి, బిడ్డను తీసుకెళ్ళి ఈ డోసు వేయించండి, మిగతా రెండూ నాలుగేసి వారాల ఎడంతో పడతాయి. ఇంకా ఆగొద్దు అని గట్టిగా చెప్పడానికి కారణం కోరింత దగ్గు. పెంటావాలెంట్ ఆపే ఐదు జబ్బుల్లో అదొకటి. పెద్దపిల్లలకు వస్తే నెలల తరబడి దగ్గుతారు గానీ బతికి బయటపడతారు. మూడు నెలలు నిండని బిడ్డకు వస్తే ఒక్కోసారి దగ్గు కూడా వినిపించదు, ఊపిరి ఆగి నీలంగా మారిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్ళకు ఉన్న మామూలు దగ్గే బిడ్డకు అలా అంటుకోవచ్చు. అందుకే ఆరో వారం అని పెట్టారు.

ఇక మీ ప్రశ్న. నేను పర్లాకిమిడిలో పుట్టి, గజపతి, రాయగడ జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో పిల్లల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. మిమ్మల్ని విసుక్కున్నందుకు నాకు బాధగా ఉంది. బిడ్డ ఒంట్లోకి వెళ్ళే మందు గురించి తండ్రి అడగక ఎవరు అడుగుతారు? పైగా మీరు రాసిన నాలుగింటిలో ఒక్కటి కూడా గాలిలోంచి పుట్టింది కాదు. నాలుగింటికీ వెనుక జరిగిన సంగతి ఒకటుంది. ఏది ఎక్కడిదాకా నిజం, ఎక్కడినుంచి అల్లిక అనేదే తేల్చుకోవాలి.

టీకాను మెచ్చుకుంటే సైన్సు, ప్రశ్నిస్తే పుకారు అనుకునేవాళ్ళు మా వృత్తిలోనూ ఉన్నారు. నేను ఒప్పుకోను. టీకాల్లో నిజమైన లోపాలు బయటపడిన సందర్భాలు చాలానే ఉన్నాయి. 1955లో అమెరికాలో ఒక కంపెనీ పోలియో టీకాలో వైరస్ సరిగా చావలేదు. ఆ టీకా వల్ల పిల్లలకూ వాళ్ళ చుట్టుపక్కలవాళ్ళకూ పోలియోయే వచ్చి, దాదాపు 200 మందికి పక్షవాతం వచ్చింది, 10 మంది చనిపోయారు. 1976లో అక్కడే స్వైన్ ఫ్లూ టీకా వేసినప్పుడు గిలాన్ బరే అనే నరాల జబ్బు లక్షకు ఒకరికి చొప్పున అదనంగా కనిపిస్తే ఆ కార్యక్రమాన్నే ఆపేశారు. మన దగ్గరే 2018లో, ఘజియాబాద్ కంపెనీ ఒకటి తయారుచేసిన పోలియో చుక్కల్లో ఉండకూడని టైప్ 2 వైరస్ కలిసింది. ఆ చుక్కలు ఉత్తరప్రదేశ్‌తో పాటు మహారాష్ట్ర, తెలంగాణలకు కూడా వెళ్ళాయి. అది చూడ్డానికి అచ్చం వాట్సాప్ పుకారులాగే ఉంది, కానీ నిజం. దాన్ని పట్టుకున్నది ఎవరు? మురుగునీటినీ పిల్లల మలాన్నీ ఎప్పటికప్పుడు పరీక్షించే పోలియో నిఘా వాళ్ళే. టీకాలను వ్యతిరేకించేవాళ్ళు కాదు.

నిజమైన సందేహం ఎలా పుడుతుందో, ఎలా నడుస్తుందో చూడాలంటే రోటావైరస్ టీకా కథ మంచిది. మన సరిహద్దు వాళ్ళకు అది దగ్గరి కథ కూడా. 1998లో అమెరికాలో, రోటావైరస్ తెచ్చే విరేచనాలను ఆపే రోటాషీల్డ్ అనే టీకాకు అనుమతి ఇచ్చారు. అప్పటికి పరీక్షల్లో అంతా బాగానే కనిపించింది. లక్షల మంది బిడ్డలకు వేశాక, 1999 వేసవికి, కొందరు పసివాళ్ళలో పేగులో పేగు దూరిపోయి అడ్డుపడుతున్నట్టు రిపోర్టులు వచ్చాయి. మొదట చేతికొచ్చినవి 15 కేసులే. పేగు దూరడం టీకా లేకపోయినా పసిపిల్లల్లో అప్పుడప్పుడూ వచ్చేదే, కనుక వట్టి 15 కేసులు చూసి ఏమీ తేలదు. అందుకని వాళ్ళు లెక్క కట్టారు. టీకా వేసిన తర్వాతి రెండు వారాల్లో ఎన్ని వచ్చాయి, టీకా వేయని పిల్లల్లో అదే వయసులో ఎన్ని వస్తాయి అని పోల్చి చూశారు. టీకా వేసిన మొదటి వారంలోనే కేసులు గుట్టగా పడ్డాయి. తేలిందేమిటంటే దాదాపు పదివేల మందికి ఒకరికి ముప్పు. 1999 అక్టోబరుకల్లా ఆ టీకాను మార్కెట్ నుంచి తీసేశారు. తర్వాత వచ్చిన రెండు కొత్త రోటా టీకాలకు ఒక్కోదానికి అరవై వేలకు పైగా పిల్లల మీద పరీక్ష చేయించారు, ప్రత్యేకంగా ఈ పేగు సమస్య కోసమే.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2016లో భారత ప్రభుత్వం రోటావైరస్ టీకాను మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఒడిశా ఒకటి, ఆంధ్రప్రదేశ్ ఇంకొకటి. అంటే గుణుపూర్ బిడ్డకూ పార్వతీపురం బిడ్డకూ ఒకే ఏడాది మొదలైంది. ఆ పాత పేగు సంగతి తెలుసు కాబట్టి, ఈసారి దేశంలోని పెద్ద ఆసుపత్రుల్లో పేగు దూరిన పసిపిల్లల కేసులను ముందే పద్ధతిగా రాస్తూ వచ్చారు. 2020లో ఫలితం అచ్చయింది: మన రోటావాక్ వల్ల ఆ ముప్పు పెరిగినట్టు కనబడలేదు. రేపు మీ బాబుకు ఆ సూదితో పాటు నోట్లో వేసేదీ ఇదే రోటా టీకా. పేగు గురించి ఎవరైనా భయపెడితే, ఆ ప్రశ్న వేసినవాళ్ళు ఇరవై ఏళ్ళ కిందటే ఉన్నారనీ, దానికి జవాబు వెతికి పెట్టారనీ చెప్పండి.

ఈ కథలో ఉన్నవీ, ఫార్వర్డ్ మెసేజీలో ఎప్పుడూ లేనివీ కొన్ని చూడండి. ఏ టీకా అన్నది పేరుతో ఉంది. ఏ వయసు పిల్లలకు, సూది పడిన ఎన్ని రోజుల్లో, సరిగ్గా ఏ జబ్బు అన్నది ఉంది. ఎన్ని వేల మందికి ఒకరికి అన్నది ఉంది. టీకా వేయనివాళ్ళతో పోలిక ఉంది. తప్పయితే తప్పని తేలే దారి కూడా ఉంది, ఎందుకంటే కేసులు గుట్టపడకపోయి ఉంటే ఆ సందేహం అక్కడితో ఆగిపోయేది. మీకొచ్చిన మెసేజీని ఈ ప్రశ్నలతో పట్టి చూడండి. "టీకాలతో పిల్లలు చనిపోతున్నారు" అంటే, ఏ టీకా? ఏ ఊళ్ళో, ఏ నెలలో? ఎంతమందికి వేస్తే ఎంతమంది? దేనికీ జవాబు ఉండదు. ఊరి పేరు ఉంటే తేదీ ఉండదు, తేదీ ఉంటే సంవత్సరం ఉండదు. అందుకే అదే మెసేజీ ఏటేటా తిరిగి తిరిగి వస్తుంది.

ఇక మీ నాలుగూ ఒక్కొక్కటీ చూద్దాం.

పెంటావాలెంట్‌తో మరణాలు. ఇది పూర్తిగా కల్పితం కాదు. ఈ టీకా తర్వాత కొన్ని మరణాలు జరిగాయని 2008లో శ్రీలంక దాన్ని ఆపింది, పరిశీలించి 2010లో మళ్ళీ మొదలుపెట్టింది. వియత్నాం 2013లో ఆపి, అదే ఏడాది మళ్ళీ మొదలుపెట్టింది. మన దేశంలో 2011 డిసెంబరులో కేరళ, తమిళనాడుల్లో మొదలైనప్పుడు కొందరు పేరున్న పిల్లల డాక్టర్లే అభ్యంతరం చెప్పారు, విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. వాళ్ళను పుకార్లు పుట్టించేవాళ్ళ కింద జమకట్టడం అన్యాయం. వాళ్ళు లెక్కలు అడిగారు, పత్రికల్లో పేరు పెట్టి రాశారు, ఎదుటివాళ్ళు పేరు పెట్టి జవాబిచ్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఆ దేశాల మరణాలను పరిశీలించి టీకాయే కారణమని చెప్పే ఆధారం లేదన్నారు. ఆపిన దేశాలు మళ్ళీ మొదలుపెట్టడం కూడా అందుకే. "దాచేశారు" అన్న మాట మటుకు నిలవదు. దాచాలనుకున్నవాళ్ళు దేశమంతటా టీకా ఆపుకుంటారా?

ఇక్కడ ఒక లెక్క అర్థం చేసుకోవాలి, ఇది అర్థమైతే సగం భయం పోతుంది. మన దేశంలో 2020 లెక్కల ప్రకారం పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 28 మంది ఏడాది నిండకుండానే చనిపోయారు. ఒడిశాలో అంతకంటే ఎక్కువ, 36. దేశం మొత్తం మీద చూస్తే రోజుకు పదిహేను వందలకు పైగా పసిబిడ్డలు. నెలలు నిండక పుట్టి, బరువు లేక, న్యుమోనియాతో, పుట్టుకతో వచ్చిన గుండె లోపంతో, కొందరు నిద్రలోనే, కారణం తెలియకుండా. ఇదే వయసులో ఆరు, పది, పద్నాలుగు వారాలకు సూదులు పడతాయి. టీకా బదులు వట్టి నీళ్ళు పొడిచినా, పొడిచిన మర్నాడు చనిపోయే బిడ్డలు కొందరు ఉంటారు. ఆ తల్లికి ఈ మాట చెప్పలేం, చెప్పకూడదు కూడా. ఆమెకు కనిపించింది ఒక్కటే: నిన్న సూది వేశారు, ఇవాళ బిడ్డ లేదు. ఆమె బాధలో అబద్ధం ఏమీ లేదు. కాకపోతే సూది పడిన వారంలో జరిగే మరణాలు, పడని వారాల్లో జరిగేవాటికంటే ఎక్కువా కాదా అన్నది లెక్కవేసి చూస్తే తప్ప కారణం తేలదు. రోటాషీల్డ్ విషయంలో ఎక్కువని తేలింది, టీకా పోయింది. పెంటావాలెంట్ విషయంలో అలా తేలలేదు, టీకా ఉంది.

పాదరసం, ఆటిజం. ఇందులో రెండు వేర్వేరు కథలను కలిపి కుట్టారు. ఒకటి, ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ డాక్టర్ 1998లో లాన్సెట్ పత్రికలో 12 మంది పిల్లల గురించి రాసిన వ్యాసం. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాలను ఆపే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడి ఉన్నట్టు సూచించాడు. తర్వాత అది నిజాయితీగా చేసిన పని కాదని బయటపడి, 2010లో పత్రిక ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది, అదే ఏడాది అతని డాక్టరు రిజిస్ట్రేషనూ పోయింది. ఆ టీకాలో అసలు పాదరసమే ఎప్పుడూ లేదు. అది బతికున్న వైరస్‌తో చేసేది, అందులో పాదరసం మందు కలిపితే టీకాయే పనికిరాకుండా పోతుంది. 2019లో డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మందికి పైగా పిల్లలను ఏళ్ళ తరబడి గమనించి చూశారు. ఎంఎంఆర్ వేసినవాళ్ళలో ఆటిజం ఎక్కువ లేదు.

రెండో కథ థయోమెర్సాల్‌ది, ఇందులో కొంత నిజం ఉంది. ఒకే సీసాలోంచి పదిమందికి తీసే టీకాల్లో, మీ బాబుకు వేయబోయే పెంటావాలెంట్‌తో సహా, క్రిములు చేరకుండా అతి కొద్దిగా కలిపే మందు అది. అందులో ఇథైల్ మెర్క్యురీ ఉంటుంది. చేపల ద్వారా ఒంట్లో పేరుకునేది మిథైల్ మెర్క్యురీ. రెండూ పాదరసమే గానీ, ఇథైల్ రకం పసిపిల్లల రక్తంలోంచి వారం లోపే సగానికి పడిపోయి మలంలో పోతుంది. 1999లో అమెరికా వాళ్ళు, అన్ని డోసులూ కూడితే మిథైల్ మెర్క్యురీకి పెట్టుకున్న హద్దు దాటొచ్చని లెక్కతేలి, ముందుజాగ్రత్తగా పిల్లల టీకాల్లోంచి దాన్ని తీసేయమన్నారు. అడగాల్సిన ప్రశ్నే, అడిగారు. తీసేశాక ఆటిజం కేసులు తగ్గాలి కదా? తగ్గలేదు, పెరుగుతూనే వచ్చాయి. ఆ ప్రశ్నకు అక్కడ జవాబు దొరికింది. మెసేజీ పంపినవాళ్ళు ప్రశ్న దాకా పంపి, జవాబు వదిలేశారు.

కోవిషీల్డ్. మెసేజీలో అర వాక్యం నిజం. ఆ టీకా చాలా అరుదుగా, ప్లేట్‌లెట్లు పడిపోతూనే రక్తం గడ్డకట్టే జబ్బును తెస్తుంది. సూది పడిన సుమారు నాలుగు నుంచి నలభై రెండు రోజుల లోపు, ఎక్కువగా మొదటి డోసు తర్వాత. బ్రిటన్ లెక్కల్లో యాభై ఏళ్ళ లోపువాళ్ళలో దాదాపు యాభై వేల మందికి ఒకరు. ఇది 2024లో కోర్టులో బయటపడిన రహస్యం కాదు. 2021 మార్చిలోనే యూరప్ డాక్టర్లు పట్టుకున్నారు, డెన్మార్క్ ఆ టీకానే మానేసింది, బ్రిటన్ చిన్న వయసువాళ్ళకు వేరే టీకా వేయమంది, మందు కాగితంలో ఆ హెచ్చరిక 2021 ఏప్రిల్ నుంచీ ఉంది. 2024లో కంపెనీ కోర్టుకిచ్చిన కాగితంలో ఆ సంగతే ఒప్పుకుంటే పేపర్లు దాన్ని కొత్త వార్తగా వేశాయి. 2021లో సూది వేయించుకుని 2024లో గుండెపోటు వచ్చిన మేనమామకు ఇది వర్తించదు. 18 నుంచి 45 ఏళ్ళ వాళ్ళలో హఠాన్మరణాల మీద భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. టీకా వల్ల ముప్పు పెరిగినట్టు అందులో లేదు. అంతకుముందు కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఉండటం, ఇంట్లో అలాంటి మరణాలు ఉండటం, చనిపోయే ముందు రెండు రోజుల్లో విపరీతంగా తాగడం, శక్తికి మించిన శ్రమ చేయడం, ఇవి కారణాల్లో కనిపించాయి.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పాలి. గడ్డకట్టే ముప్పు గురించి మన ఊళ్ళలో టీకా వేసేటప్పుడు జనానికి వాళ్ళ భాషలో ముందే చెప్పి ఉండాల్సింది. తలనొప్పి తగ్గకపోతే, కాలు వాస్తే, వారం తర్వాతైనా సరే రమ్మని ఒక్క మాట. చెప్పి ఉంటే 2024 వార్త ఎవరినీ అంత కుదిపేది కాదు. అలాగే 2021 జనవరిలో కోవాగ్జిన్‌కు మూడో దశ ఫలితాలు రాకముందే అనుమతి ఇవ్వడాన్ని అప్పట్లో శాస్త్రవేత్తలు ప్రశ్నించారు. అది సరైన ప్రశ్న. తర్వాత ఫలితాలు బాగానే వచ్చాయన్నది వేరే సంగతి.

మీ అత్తగారి మాట. దయచేసి ఆవిడను కొట్టిపారేయకండి. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే హెచ్‌పీవీ టీకాను పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు పద్నాలుగు వేల మందికి వేశారు. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. ఆ పిల్లల్లో చాలా మంది గిరిజన హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. కొందరు పిల్లలు చనిపోయారని గొడవ అయి, 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. విచారణలో తేలిన కారణాలు పాముకాటు, నీళ్ళలో పడిపోవడం, పురుగుల మందు, జ్వరాలు. టీకాతో సంబంధం కనబడలేదు. అక్కడిదాకా చూసి "పుకారే" అనేస్తే తప్పు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీని మీద చాలా కటువైన నివేదిక ఇచ్చింది. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు రెండు వేలకు పైగా ఫారాల మీద హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు పెట్టేశారు. ఏ టీకా, ఎందుకు, ఏమైనా అయితే ఎవరు చూస్తారు అన్నది ఆ కోయ, కొండరెడ్డి ఇళ్ళకు ఎవరూ సరిగా చెప్పలేదు. అంటే టీకా మంచిదే, వేసిన తీరు అన్యాయం. మీ అత్తగారికి గుర్తున్నది ఆ అన్యాయమే. అదే టీకా ఇవాళ మీ ఇంట్లో పదేళ్ళ ఆడపిల్ల ఉంటే వేయించమనే నేను చెబుతాను, కాకపోతే తల్లికి అంతా వివరించి, తల్లి సంతకంతో.

ఈ ముడి విప్పుకోవడం చాలా ముఖ్యం. టీకా మందులో లోపం వేరు, వేసేవాళ్ళ తప్పు వేరు, అడగకుండా వేయడం వేరు, కాకతాళీయంగా జరిగింది వేరు. పుకారు వీటన్నిటినీ ఒకే ముద్ద చేస్తుంది. సమోవా అనే చిన్న ద్వీపదేశంలో 2018లో ఇద్దరు పసిపిల్లలు ఎంఎంఆర్ సూది వేసిన నిమిషాల్లో చనిపోయారు. తర్వాత తేలింది: టీకా పొడిలో కలపాల్సిన నీటి బదులు, మత్తుకు వాడే మందును నర్సులు కలిపారు. టీకాలో దోషం లేదు, చేతిలో దోషం. కానీ టీకా కార్యక్రమం నెలల పాటు ఆగింది, జనం భయపడి దూరమయ్యారు. 2019 చివర్లో తట్టు వచ్చి 83 మందిని తీసుకుపోయింది, దాదాపు అందరూ చిన్నపిల్లలే. మన హైదరాబాద్‌లో 2019 మార్చిలో కూడా, టీకా తర్వాత జ్వరానికి ఇవ్వాల్సిన పారాసిటమాల్ బదులు ట్రమడాల్ మాత్రలు ఇవ్వడంతో పిల్లలకు ప్రాణం మీదికి వచ్చింది. ఆ రోజు టీవీల్లో నడిచిన మాట మటుకు "టీకా వికటించి".

కాబట్టి మీరు మమతా దివస్‌కి వెళ్ళినప్పుడు అడగాల్సిన అసలు ప్రశ్నలు ఇవి, వీటికి ఎవరూ విసుక్కోకూడదు. సీసా చూపించమనండి. మీద ఒక గుండ్రటి గుర్తు, లోపల చదరం ఉంటుంది. లోపలి చదరం చుట్టూ ఉన్న వలయం కంటే తెల్లగా ఉంటే టీకా వేడికి పాడవలేదని అర్థం, రెండూ ఒకే రంగుకు వస్తే వాడకూడదు. ఎక్స్‌పైరీ తేదీ చూడండి. సిరంజి మీ ఎదుటే కవరు చింపి తీయాలి, ఒకసారి వాడితే మళ్ళీ లాగడానికి రాని రకం అది. తొమ్మిదో నెలలో వేసే తట్టు, రుబెల్లా టీకాలాంటివి పొడి కలిపేవి. వాటికి సీసా ఎన్ని గంటలకు కలిపారని అడగండి, నాలుగు గంటలు దాటితే పారేయాలి. జ్వరం మాత్ర గాని, చుక్కలు గాని ఇస్తే పేరు మీరే చదవండి. మన కొండ ప్రాంతాల్లో ఐస్ బాక్సు మోసుకుని వాగులు దాటి వచ్చే ఏఎన్ఎం అమ్మలు ఎంత శ్రమ పడతారో నాకు తెలుసు. అయినా ఈ ప్రశ్నలు అడగండి, బాగా చేసేవాళ్ళు సంతోషంగా చూపిస్తారు.

శాస్త్రవేత్తల మధ్య నిజమైన తగువు ఎలా ఉంటుందో మన దక్షిణ ఒడిశాలోనే చూశాం. 2016లో మల్కన్‌గిరిలో వంద మంది దాకా పిల్లలు మెదడువాపు లక్షణాలతో చనిపోయారు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అని ప్రభుత్వం అంది. చాలా మందిలో అసలు కారణం కసింద చెట్టు గింజల విషం అని, ఒడియాలో బణ చకుండా అంటారు, వెల్లూరుకు చెందిన ప్రముఖ వైరాలజిస్టు టి. జాకబ్ జాన్ బృందం అంది. రెండు వైపులా పరీక్షలు చూపించారు. దాని ఫలితంగా అక్కడ జేఈ టీకా వచ్చింది, ఊళ్ళ చుట్టూ కసింద పీకించే పనీ జరిగింది. ఎవరూ "ఇది పదిమందికి పంపండి" అనలేదు. తగువులో రెండు వైపులా చెబుతున్నది పిల్లల్ని ఎలా కాపాడాలనే.

మన వైపు ఇంకో చిక్కు ఉంది, దీన్ని పైవాళ్ళు అసలు గుర్తించరు. టీకా పోస్టరు ఒడియాలో, ఆసుపత్రిలో మాట ఒడియాలో, రేడియో ప్రకటన హిందీలో. మన ఆడవాళ్ళలో చాలామందికి మాట అర్థమైనా ఒడియా చదవడం రాదు. పుకారు మటుకు చక్కటి తెలుగులో, శ్రీకాకుళం పిన్ని గొంతుతో, వాయిస్ మెసేజీగా వస్తుంది. సొంత భాషలో చెప్పినవాళ్ళనే మనసు నమ్ముతుంది. మీ ఆశా దీదీ ఒడియాలో చెప్పింది మీ ఆవిడకూ అత్తగారికీ మీరే కూర్చుని తెలుగులో చెప్పండి. గ్రూపులో తిట్టుకుని బయటికి రావద్దు. "పిన్నీ, ఇది ఏ ఊళ్ళో జరిగింది, ఏ టీకా, ఎన్నాళ్ళయింది" అని మర్యాదగా అడగండి. జవాబు రాకపోవడం మిగతావాళ్ళూ చూస్తారు.

ఇక సూది వేశాక ఏమవుతుందో ముందే చెబుతాను. పెంటావాలెంట్ వేసిన తొడ ఎర్రబడి వాచడం, ఒకటి రెండు రోజులు జ్వరం, చిరాకు, ఏడుపు చాలా మందికి వస్తాయి. కొద్దిమంది గంటల తరబడి ఏకధాటిగా ఏడుస్తారు. అరుదుగా జ్వరంతో ఫిట్స్ రావచ్చు, ఇంకా అరుదుగా బిడ్డ కాసేపు పాలిపోయి, మెత్తగా వాలిపోయి, మళ్ళీ తేరుకోవచ్చు. చూడ్డానికి గుండె ఆగుతుంది గానీ, ఇవి శాశ్వతంగా హాని చేయవు. అయినా అలాంటిది వస్తే వెంటనే డాక్టరుకు చూపించాలి, తర్వాతి డోసుకు ముందు తప్పకుండా చెప్పాలి. తీవ్రమైన ఎలర్జీ పది లక్షల డోసులకు ఒకటి లాంటిది, అది నిమిషాల్లోనే వస్తుంది. అందుకే అరగంట అక్కడే కూర్చోబెడతారు, ఎండగా ఉందని లేచి రావద్దు. వాచిన చోట రుద్దడం, పసుపు పట్టించడం, కాపడం పెట్టడం చేయకండి. పారాసిటమాల్ చుక్కలు బరువును బట్టి వాళ్ళు చెప్పినంతే. మామూలు జలుబుంటే సూది మానక్కర్లేదు. ముందు డోసుకు తీవ్రమైన ఎలర్జీ వచ్చినవాళ్ళకు, పుట్టుకతో రోగనిరోధక శక్తి లోపించినవాళ్ళకు మాత్రం డాక్టరు చూసి నిర్ణయించాలి. అదీ నిజమైన జాగ్రత్తే, పుకారు కాదు.

మీ ఆవిడ పురుడు పుట్టింట్లో పోసుకుని ఉంటే, బీసీజీ, పుట్టిన రోజు పోలియో చుక్కలు, హెపటైటిస్ బి అక్కడి కార్డులో రాసి ఉంటాయి. ఆ కార్డు వెంట తీసుకెళ్ళండి, లేకపోతే ఇక్కడివాళ్ళు మళ్ళీ మొదటినుంచి రాస్తారు. ఎడమ భుజం మీద బీసీజీ వేసిన చోట ఇప్పుడు చిన్న పొక్కు లేచి చీము పట్టినట్టుంటే కంగారు పడకండి, అది అలాగే మాని మచ్చ అవుతుంది.

సూది తర్వాత బిడ్డ పాలు తాగకపోయినా, ఊపిరి వేగంగా తీస్తున్నా, ఫిట్స్ వచ్చినా, ఒళ్ళు చల్లబడినా, రాత్రయినా సరే గుణుపూర్ ఆసుపత్రికి తీసుకెళ్ళండి. టీకా వేసిన రోజు, సమయం చెప్పి, "టీకా తర్వాత వచ్చిన సమస్యగా రిపోర్టు రాయండి" అని మీరే అడగండి. తీవ్రమైన ప్రతి కేసునూ జిల్లాకు రాసి పంపాలని నిబంధన ఉంది, దాన్ని పరిశీలించే కమిటీ ఉంది. రాయకపోతే మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే జాతీయ ఉచిత నంబరు 1800-180-3024కి మీరే ఫోన్ చేసి చెప్పొచ్చు. రోటాషీల్డ్‌ను బయటపెట్టినవీ అలా ఒక్కొక్కటిగా చేరిన 15 రిపోర్టులే.